ట్రాన్స్ హక్కుల మీద మీమ్ పేజీ ఎలా నడపాలి

తెలుగు ఇన్‌స్టాగ్రామ్‌లో ట్రాన్స్ మనుషుల మీద జోకులకు కొదవ లేదు. ట్రాన్స్ మనుషులు వేసే జోకులే తక్కువ. చప్పట్లు కొట్టే చేయి హీరో భుజం మీద పడగానే అతను జడుసుకుని పారిపోవడం, వెనక కామెడీ మ్యూజిక్: సినిమాల్లో ఏళ్ళ తరబడి చూసిన ఈ సీనే ఇప్పుడు ట్రోల్ పేజీల్లో చిన్న చిన్న ముక్కలై తిరుగుతోంది. చూసి బాధపడి ఫోన్ పక్కన పెట్టేయొచ్చు. లేదా మన పేజీ మనం పెట్టుకుని, మన జోకు మనమే వేసి, దాని చివర ఒక డిమాండు పెట్టొచ్చు. ఇది రెండో పని చేద్దామనుకునే వాళ్ళ కోసం రాస్తున్నాను. మీరు ట్రాన్స్ అయినా సరే, పక్కన నిలబడే స్నేహితులైనా సరే. నేను ట్రాన్స్ మహిళని. హైదరాబాద్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి ఇలాంటి పేజీ నడుపుతున్నాను.

ఇది సరదాకి చేసే పని కాదని మొదటే చెప్పాలి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు కట్టిన జనం ఒక ట్రాన్స్ మహిళని కొట్టి చంపేశారు. మమ్మల్ని చూస్తే నవ్వాలి, లేదంటే భయపడాలి అని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న జనం చేతికి ఒక ఫార్వర్డ్ అందితే ఏం జరుగుతుందో ఆ రోజు చూశాం.

అదే ఫోన్ ఇంకో పని కూడా చేసింది. 2018 డిసెంబరు 17న లోక్‌సభ పాస్ చేసిన ట్రాన్స్‌జెండర్ బిల్లులో, ఎవరు ట్రాన్సో తేల్చడానికి ఒక స్క్రీనింగ్ కమిటీ పెట్టారు. ట్రాన్స్ మనుషుల్ని భిక్షాటనకు పురిగొల్పడం నేరమన్న క్లాజు కూడా పెట్టారు. ఆ క్లాజుతో పోలీసులు మమ్మల్ని చేరదీసిన పెద్దలైన మా గురువుల మీద, మా బతుకుతెరువు మీద పడతారని అందరికీ అర్థమైంది. ఇటు రోడ్ల మీద, అటు ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగులతో దేశమంతా గొడవ చేశాం. 2019లో మళ్ళీ తెచ్చిన బిల్లులో ఆ రెండూ లేవు. కోరినవన్నీ రాలేదు, కానీ గొంతెత్తితే చట్టంలో వాక్యాలు మారతాయని తెలిసింది.

ముందు మిమ్మల్ని మీరు కాపాడుకోండి

పేజీ పేరు ఆలోచించే ముందే ఈ పని పూర్తి చేయండి. పేజీ కోసం కొత్త ఈమెయిల్ తెరవండి. మీ రోజువారీ ఫోన్ నంబరుతో లింక్ చేయకండి. అకౌంట్ తెరిచేటప్పుడు మీ కాంటాక్టులు చూడటానికి యాప్ అనుమతి అడుగుతుంది, ఇవ్వకండి. ఇస్తే మీ మేనమామ ఫోన్‌లో 'మీకు తెలిసినవాళ్ళు కావచ్చు' అని మీ పేజీ కనిపించే అవకాశం ఉంది. ఇంట్లో ఇంకా చెప్పుకోని వాళ్ళకి ఇది ప్రాణం మీదకి వచ్చే విషయం. రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకోండి, అది ఎస్సెమ్మెస్‌తో కాకుండా అథెంటికేటర్ యాప్‌తో అయితే మేలు.

వీడియో పెట్టే ముందు సౌండ్ తీసేసి, మీ ముఖం వైపు చూడకుండా, వెనక ఏముందో మాత్రమే చూస్తూ ఒకసారి నడిపించండి. కిటికీలోంచి కనిపించే షాపు బోర్డు, గోడకి ఉన్న కరెంటు మీటరు, బండి నంబరు ప్లేటు, మెడలో కాలేజీ ఐడీ ట్యాగు, టేబుల్ మీద పార్సిల్ కవరుపై అడ్రసు. మిమ్మల్ని వెతికేవాడు చూసేది ఇవే.

స్నేహితుల ఫోటోలు వాడాలంటే ప్రతిసారీ అడగాలి. నిరుడు ఒప్పుకున్నారు కదా అని ఈసారి అడక్కుండా పెట్టకూడదు. ఈ మధ్యలో వాళ్ళకి ఉద్యోగం వచ్చి ఉండొచ్చు, ఇల్లు మారి ఉండొచ్చు. ఎవరి పాత పేరు గానీ, పాత ఫోటో గానీ, వాళ్ళే స్వయంగా పెట్టమంటే తప్ప పేజీలోకి రాకూడదు.

జోకు ఎవరి మీద పడుతోందో చూడండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. మీమ్ తయారయ్యాక మిమ్మల్ని మీరు అడగండి: ఇది చూసి నవ్వినవాడు ఎవరిని చూసి నవ్వుతున్నాడు? కౌంటర్ వెనక కూర్చుని 'ఈ కాలమ్‌లో మీకు ఆప్షన్ లేదు' అనే గుమస్తానా? పేషెంట్‌కి జ్వరమైతే సర్జరీ గురించి అడిగే డాక్టరునా? ఎన్నికలప్పుడు అక్కా అని పిలిచి, గెలిచాక గేటు దగ్గరే ఆపేసే నాయకుడినా? అయితే పెట్టండి. అదే నవ్వు మన గొంతు మీదో, గడ్డం మీదో, నడక మీదో, నిర్వాణం, అంటే లింగమార్పిడి ఆపరేషన్, చేయించుకున్నారా లేదా అన్నదాని మీదో పడుతుంటే ఆపేయండి. మీరే ట్రాన్స్ కాబట్టి మీకు హక్కు ఉందనిపించవచ్చు. కానీ స్క్రీన్‌షాట్‌కి మీ పేరు అంటుకుని వెళ్ళదు. రేపు ట్రోల్ పేజీవాడు అదే బొమ్మని తన పేజీలో పెట్టుకుంటాడు.

ఇంకో రకం మీమ్ ఉంది, అది పైకి మంచిదానిలా కనిపిస్తుంది. 'మేం సిగ్నళ్ళ దగ్గర అడుక్కునేవాళ్ళం కాదు, మేం చదువుకున్నవాళ్ళం' అనే రకం. ఉస్మానియా ఆసుపత్రిలో ట్రాన్స్ డాక్టర్లు చేరినప్పుడు, 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ అసిస్టెంట్లుగా మనవాళ్ళు డ్యూటీ ఎక్కినప్పుడు మనకి కలిగిన సంతోషం నిజం. దాన్ని తప్పకుండా పోస్టు చేయండి. కానీ పక్కనే సిగ్నల్ దగ్గర ఎండలో నిలబడ్డ అక్క ఫోటో పెట్టి పోల్చకండి. ఆ అక్కలు దుకాణం దుకాణం తిరిగి తెచ్చిన డబ్బుతోనే, ఇంట్లోంచి గెంటేసిన ఎంతోమంది పిల్లలకి అన్నం పెట్టి పెంచారు. వాళ్ళని తక్కువ చేసి తెచ్చుకునే గౌరవం మనకి వద్దు.

ఒక మీమ్ తయారు చేద్దాం

ఉదాహరణకి అద్దె ఇంటి సమస్య తీసుకుందాం. మొదట మనసులో ఉన్నదంతా రాసేయండి. బహుశా ఇలా వస్తుంది: 'శుభకార్యాలకి మమ్మల్ని పిలిచి దీవెనలు తీసుకుంటారు, కానీ అద్దెకి ఇల్లు అడిగితే ఏదో ఒక సాకు చెప్పి పంపేస్తారు, ఇది వివక్ష కాదా?' ఇందులో తప్పేమీ లేదు. కానీ వేలు ఆగదు, స్క్రోల్ చేసేస్తారు. ఇది ఉపన్యాసం, ఇంకా బొమ్మ కాలేదు.

ఇప్పుడు దీన్ని ఒకే గుమ్మం దగ్గరికి తీసుకురండి. మొదటి బొమ్మలో కొత్త ఇల్లు, మామిడి తోరణాలు, ఓనర్ చేతులు జోడించి, 'రండమ్మా, మీ నోటితో చల్లగా దీవించండి.' రెండో బొమ్మలో అదే గుమ్మం, తోరణాలు ఎండిపోయాయి, టులెట్ బోర్డు వేలాడుతోంది. అదే ఓనర్, తలుపు సగమే తీసి, 'ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారమ్మా.'

ఓనర్ నోట్లో పెట్టే ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించండి. 'ట్రాన్స్ వాళ్ళకి ఇవ్వం' అని రాస్తే జోకు చచ్చిపోతుంది, ఎందుకంటే అలా ఎవరూ అనరు. 'మా ఆవిడ ఊళ్ళో లేదు, అడిగి చెప్తా' అంటారు. 'ఫ్యామిలీలకే ఇస్తాం' అంటారు. 'అడ్వాన్స్ తీసేసుకున్నాం' అంటారు, బోర్డు మాత్రం నెల దాటినా అక్కడే ఉంటుంది. విన్నది విన్నట్టు రాస్తే ఇల్లు వెతికి వెతికి అలసిపోయిన ప్రతి మనిషికీ చప్పున తగులుతుంది. ముస్లింలకీ, దళితులకీ, ఒంటరి ఆడవాళ్ళకీ ఇవే మాటలు చెప్తారు. మీ పోస్టుని మొదట షేర్ చేసేది చాలాసార్లు వాళ్ళే.

కింద ఒక్క లైను: 'గృహప్రవేశానికి పిలుపు. గృహంలోకి ప్రవేశం లేదు.' వివక్ష అన్న మాట ఎక్కడా రాయలేదు, రాయనక్కర్లేదు.

బొమ్మలో ఆ ట్రాన్స్ మహిళ ముఖం ఎలా ఉండాలి? ఏడుస్తూ గీయాలని చేయి లాగుతుంది. వద్దు. రెండు బొమ్మల్లోనూ అదే చీర, అదే బొట్టు, నిటారుగా నిలబడి ఉండాలి. రెండో బొమ్మలో ఆమె ఓనర్ వైపు కాకుండా టులెట్ బోర్డు వైపు చూస్తూ ఉంటే చాలు. జాలి పుడితే చూసినవాళ్ళు ఓ లైక్ కొట్టి వెళ్ళిపోతారు. ఓనర్ని చూసి నవ్వొస్తే, తర్వాత ఆ మాట తాము అనబోయేటప్పుడు నాలుక కాస్త తడబడుతుంది.

సాంకేతిక విషయాలు కొన్నే. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో తెలుగు ఒత్తులు విరిగిపోతాయి, అందుకని సేవ్ చేసిన బొమ్మని గ్యాలరీలో తెరిచి చదువుకోండి. బొమ్మ మీద రెండు మూడు లైన్లకి మించి రాయొద్దు. ఫోటోకి ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, రాయండి, చూపు లేని వాళ్ళు కూడా మన పేజీకి వస్తారు. క్యాప్షన్‌ని తెలుగు లిపిలో రాసి, కిందనే ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పెట్టండి. తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేని పిల్లలు హైదరాబాద్‌లోనూ, అమెరికాలోనూ బోలెడుమంది ఉన్నారు.

బ్రహ్మానందం గారి ముఖం వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. మీమ్ ప్రపంచంలో ఆయన ముఖానికి అర్థం కాని తెలుగువాడు లేడు కాబట్టి పని తొందరగా అవుతుంది. కానీ మనల్ని వెక్కిరించిన సీన్ నుంచే స్క్రీన్‌షాట్ తీసి వాడితే, మనం ఏం రాసినా చూసేవాడికి ఆ పాత జోకే గుర్తొస్తుంది. సొంతంగా గీసుకోవడమే నాకు ఇష్టం. కర్ర బొమ్మలైనా పర్వాలేదు.

కింద నిజం పెట్టండి

మీమ్ నవ్విస్తుంది, క్యాప్షన్ నిలబెడుతుంది. పై మీమ్‌కే చూడండి. 2019 ట్రాన్స్‌జెండర్ పర్సన్స్ చట్టం 3వ సెక్షన్ ఏయే విషయాల్లో వివక్ష చూపకూడదో చెప్తుంది, అందులో ఇల్లు కొనడం, అద్దెకి తీసుకోవడం కూడా ఉన్నాయి. కానీ ఆ సెక్షన్‌ని మీరితే శిక్ష ఏమిటో ఆ చట్టం చెప్పలేదు. ఈ రెండు వాక్యాలు క్యాప్షన్‌లో ఉంటే, 'అంతా ఊరికే ఏడుపు' అనేవాడికి ఎదురు చెప్పడానికి చదివినవాడి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

జనానికి అసలు తెలియని నిజాలు మన దగ్గర చాలా ఉన్నాయి. నిజాం కాలంలో, అప్పటి ఫసలీ క్యాలెండరు ప్రకారం 1329లో, అంటే 1919లో ఒక చట్టం చేశారు. దాని కింద రిజిస్టరులో పేరెక్కిన హిజ్రా ఆడవాళ్ళ బట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. వీధిలో పాడినా, ఆడినా అంతే. ఆ చట్టం తెలంగాణ వచ్చాక కూడా పుస్తకాల్లో అలాగే ఉంది. వైజయంతి వసంత మొగిలి, మరికొందరు కోర్టుకి వెళ్తే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పెన్షన్లు ట్రాన్స్ మనుషులకి కూడా ఇవ్వాలని అదే తీర్పులో చెప్పింది. నాలుగు స్లైడ్ల పోస్టుకి ఇంతకంటే ఏం కావాలి? 'చీర కట్టుకుంటే అరెస్టు' అని మొదటి స్లైడు పెట్టండి. ఎవరైనా ఆగుతారు.

చట్టాలు, రూల్సు మారుతుంటాయి. సెక్షన్ నంబరు రాసిన ప్రతిసారీ ప్రభుత్వ వెబ్‌సైటులో అప్పటికి ఉన్న పాఠం తెరిచి చూసుకుని రాయండి. ఎవరో పంపిన ఫార్వర్డ్ చూసి రాయొద్దు. మన మాటల్లో ఒక్క తప్పు దొరికితే మిగతా తొమ్మిది నిజాలనీ కొట్టిపారేస్తారు.

జోకు వేయకూడని విషయాలూ ఉన్నాయి. 2019లో పాస్ చేసిన రూపంలో ఆ చట్టం 18వ సెక్షన్ కింద, ట్రాన్స్ మనిషి మీద లైంగిక హింసకి శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళు. మహిళ మీద అత్యాచారానికి అప్పటికే కనీస శిక్ష పదేళ్ళు. మా ప్రాణం అంత చవకా అని అప్పుడు దేశమంతా అడిగాం. దీని మీద మీమ్ చేయొద్దు. ఆ రెండు అంకెలు పక్కపక్కన, పెద్ద అక్షరాలతో, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టండి. నవంబరు 20, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజు కూడా అంతే. సరదా పోస్టులకి మార్చి 31, ట్రాన్స్ విజిబిలిటీ డే ఉంది. 2014లో ట్రాన్స్ మనుషుల్ని చట్టపరంగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చిన ఏప్రిల్ 15 ఉంది.

పోస్టుకి ఒక డిమాండు

నవ్విన మనిషి తర్వాత ఏం చేయాలో చెప్పకపోతే నవ్వి ఊరుకుంటాడు. ఒక పోస్టుకి ఒక్క పనే అడగండి. 'ఈ సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెడుతున్నాం, పదకొండింటికి గేటు దగ్గర కలుద్దాం' అన్నది పని. 'అవగాహన పెంచుదాం' అన్నది పని కాదు. ఆంధ్రలో కూడా కలెక్టరేట్లలో సోమవారమే అర్జీలు తీసుకుంటారు. అర్జీ రసీదు ఫోటో పెట్టండి, పేర్లూ నంబర్లూ చెరిపేసి.

ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం, మనకి పెద్ద ఆయుధం. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సిన ప్రశ్నలు సూటిగా ఉండాలి: మా జిల్లాలో ఇప్పటిదాకా ట్రాన్స్ గుర్తింపు కార్డుకి ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, ఎన్ని తిప్పి పంపారు, కారణమేమిటి? అద్దె వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరు? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడా మగా కాక 'ఇతరులు' అన్న కాలమ్‌లో 43,769 మంది ఉన్నారు. ఆ అంకె పక్కన మీ జిల్లా ఇచ్చిన కార్డుల అంకె పెడితే వేరే వ్యాఖ్య అవసరం ఉండదు.

ట్యాగ్ చేసేటప్పుడు ముఖ్యమంత్రి నుంచి మొదలుపెట్టకండి. ఆ పని ఎవరి టేబుల్ మీద ఆగిందో ఆ ఆఫీసుని ట్యాగ్ చేయండి, ఆఫీసునే, కింది ఉద్యోగి వ్యక్తిగత అకౌంట్‌ని కాదు. పార్టీలవాళ్ళు ఎన్నికల ముందు తప్పకుండా మెసేజ్ చేస్తారు, డబ్బు కూడా ఇస్తామంటారు. మీ ఓటు మీ ఇష్టం, మీ ప్రచారం కూడా మీ ఇష్టం. పేజీని మాత్రం అద్దెకి ఇవ్వకండి. ఎవరు అధికారంలో ఉన్నా అదే ప్రశ్న అడగగలగాలి.

కామెంట్లు

ఇక్కడే ఎక్కువమంది అలసిపోయి మానేస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో హిడెన్ వర్డ్స్ అని ఉంటుంది, మీరు చేర్చిన మాటలున్న కామెంట్లని అదే దాచేస్తుంది. కంపెనీ పెట్టిన ఫిల్టర్‌కి తెలుగు బూతులు సరిగా తెలియవు. కూర్చుని ఆ మాటలన్నీ తెలుగులో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగా చేర్చండి. మధ్యలో చుక్క పెట్టి, అక్షరం సాగదీసి, సున్నా పెట్టి రాస్తారు, అవి కూడా. ఆ జాబితా ఒక్కరే రాయకండి, మనసు పాడవుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి, టీ తాగుతూ రాసేయండి.

నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్ళుంటారు. ప్రశ్న మొరటుగా ఉన్నా జవాబివ్వండి, మంచి జవాబుని పిన్ చేయండి. ఊరికే నవ్వే ఎమోజీలు పెట్టేవాళ్ళని వదిలేయండి. బెదిరించేవాళ్ళ సంగతి వేరు. బ్లాక్ చేయాలని వేలు దురద పెడుతుంది, ముందు స్క్రీన్‌షాట్ తీయండి. కామెంటు, ప్రొఫైల్ పేరు, ప్రొఫైల్ లింకు, తేదీ, టైము అన్నీ కనిపించాలి. తర్వాతే బ్లాక్.

రిపోర్ట్ చేసేటప్పుడు ఏ కారణం ఎంచుకుంటారన్నది ఇప్పుడు ముఖ్యం. జెండర్ పేరుతో మమ్మల్ని మానసిక రోగులనడానికి 2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ తన రూల్సులో చోటిచ్చింది. ట్రాన్స్ మనుషుల్ని పాత పేరుతో, తప్పుడు జెండర్‌తో పిలవకూడదన్న రూలుని ట్విట్టర్ 2023లోనే తీసేసింది. అందుకని బెదిరింపు ఉంటే బెదిరింపు అని, అడ్రసు బయటపెడితే వ్యక్తిగత సమాచారం అని, మీ ఫోటోతో నకిలీ అకౌంట్ పెడితే ఆ కారణమే చెప్పి రిపోర్ట్ చేయండి. పని కాకపోతే ఫిర్యాదులు చూసే ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, అక్కడా కాకపోతే కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి. నగ్న చిత్రాలు పెడతామని ఎవరైనా బ్లాక్‌మెయిల్ చేస్తే, స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్ళకుండానే వేలిముద్ర లాంటి దాని డిజిటల్ గుర్తు మాత్రం తీసుకుని, తమతో కలిసి పనిచేసే ప్లాట్‌ఫామ్‌లలో అది ఎక్కకుండా ఆపుతుంది.

పోలీసుల దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఒంటరిగా వెళ్ళకండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ముందు ఆన్‌లైన్ ఫిర్యాదు వేసి, ఆ నంబరు పట్టుకుని వెళ్ళండి. నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. సైబరాబాద్ పోలీసులు 2021లో గచ్చిబౌలిలో ట్రాన్స్‌జెండర్ డెస్క్ మొదలుపెట్టారు. మీ ఊళ్ళో అలాంటిది లేకపోతే, అది కూడా ఒక పోస్టుకి పనికొచ్చే డిమాండే.

ఎదుటివాడు ఎంత నీచంగా మాట్లాడినా, వాడి ప్రొఫైల్ స్టోరీలో పెట్టి జనాన్ని ఉసిగొల్పకండి. 2023 నవంబరులో ఉజ్జయినిలో, చీర కట్టుకుని రీల్ పెట్టిన 16 ఏళ్ళ పిల్లాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ రీల్ కింద కుప్పలుగా ద్వేషపు కామెంట్లు ఉన్నాయి. గుంపుగా మీద పడితే మనిషి ఏమవుతాడో తెలిసినవాళ్ళం మనం.

కామెంట్లు చదివే పని వారానికొకరు చొప్పున వంతులు వేసుకోండి. వంతు లేనివాళ్ళ ఫోన్‌లో ఆ యాప్ ఉండనే కూడదు. నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలు వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు కాదు.

పోస్టు వైరల్ అయితే

మొదటి గంటలోనే బొమ్మలో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి. వాళ్ళకి భయంగా ఉంటే, ఎన్ని వేల షేర్లు వచ్చినా సరే, తీసేయండి. సరే అంటే డిమాండుని మొదటి కామెంటుగా పిన్ చేయండి, ఎందుకంటే షేర్ చేసేవాళ్ళు క్యాప్షన్ కోసేస్తారు. విలేకరులు ఫోన్ చేస్తే సర్జరీ గురించి, పాత పేరు గురించి అడగబోమని ముందే వాళ్ళ దగ్గర మాట తీసుకుని అప్పుడు మాట్లాడండి.

అదే రోజు రాత్రి కొందరు కూడబలుక్కుని పేజీని రిపోర్ట్ కొడతారు, ఒక్కోసారి అకౌంట్ పోతుంది. అందుకని నెలకోసారి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి పేజీ డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఒరిజినల్ బొమ్మలు వేరే డ్రైవ్‌లో ఉంచండి. రికవరీ కోడ్లు కాగితం మీద రాసి, ఇంకో ఊళ్ళో ఉన్న, మీరు పూర్తిగా నమ్మే ఒక మనిషి దగ్గర పెట్టండి. అదే పేరుతో రెండో అకౌంట్ ఒకటి ముందే తెరిచి, మొదటి పేజీ బయోలో దాని పేరు రాసి ఉంచండి.